ఆ డబ్బా మీద రాసింది ఆమెకు చదవడం వచ్చా? ఆయాలను కుదిర్చే ఏజెన్సీలకు బహిరంగ లేఖ

ఇంట్లోనే ఉండి పసిపిల్లల్ని చూసుకునే ఆయాలను కుదిర్చిపెట్టే ఏజెన్సీల నిర్వాహకులకు,

నమస్కారం.

మా పాప పుట్టిన 19వ రోజు రాత్రి జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఈ ఉత్తరం రాయాలని నాకు అనిపించింది ఆ రాత్రే.

రెండు దాటింది. దాహం వేసి వంటగదిలోకి వెళ్లాను. మీలాంటి ఒక ఏజెన్సీ పంపగా నాలుగు రోజుల కిందట మా ఇంటికి వచ్చిన అక్క గట్టు దగ్గర నిలబడి పాలు కలుపుతోంది. నా పాలు చాలక డాక్టరు గారు పొడిపాలు కూడా పట్టమన్నారు. అక్క సీసాలో నీళ్లు పోసింది. డబ్బాలో స్కూప్ ముంచి, పైన గుట్టలా నిలిచిన పొడిని అలాగే సీసాలో వేసింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది వేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఆ నీళ్లకి వేయాల్సింది రెండే, అదీ అంచుకి సమంగా గీసి.

"అక్కా, ఎన్ని నీళ్లకి ఎన్ని స్కూపులో డబ్బా మీదే ఉంది కదా?" అన్నాను.

ఆమె డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పట్టిక మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఈ డబ్బా మీదున్న భాష మాట్లాడతానమ్మా. చదవడం రాదు. ముందు చేసిన ఇంట్లో ఇలాగే వేసేదాన్ని, అదే లెక్క అనుకున్నాను."

"మరి ఏజెన్సీ పంపిన కాగితంలో తెలుగూ, ఈ భాషా రెండూ బాగా వచ్చని ఉందే?"

"వాళ్లే రాసుకున్నారమ్మా. మాట్లాడతావా అన్నారు, మాట్లాడతానన్నాను. చదువుతావా అని నన్నెవరూ అడగలేదు."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. పాలపొడి కంపెనీని బట్టి స్కూప్ సైజు మారుతుంది. ఒక డబ్బా లెక్క ఇంకో డబ్బాకి పనికిరాదు. పొడి ఎక్కువైతే పసిబిడ్డ కిడ్నీల మీద భారం పడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, రక్తంలో సోడియం పెరుగుతుంది. నీళ్లు ఎక్కువైతే బిడ్డకి తిండి చాలదు, సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషే కావాలని నెలలు నిండకముందు నుంచీ వెతికాం. ఆరు ఏజెన్సీలతో మాట్లాడాం. అందరి ప్రొఫైళ్లలోనూ అవే మాటలు: క్వాలిఫైడ్, రెండు భాషలు వచ్చు, ఇంట్లోనే ఉంటుంది. ఆ మాటలు నమ్మి ఒకరిని ఎంచుకున్నాం. ఆ మాటలు సరిచూసుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

తప్పు అక్కదని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. అడిగిన ప్రశ్నకి ఆమె నిజమే చెప్పింది. అసలు అడగాల్సిన ప్రశ్న అడగకుండా జవాబు రాసేశారు. మాకు కోపం వచ్చింది అక్కడే.

మొదట భాష గురించి చెప్తాను. మీలో చాలామందికి ఇది ప్రొఫైల్లో ఒక టిక్కు మాత్రమే. మా ఇంట్లో అది రెండు వేర్వేరు పనులు.

నాది తెలుగు. మావారిది వేరే భాష, మేముండే చోట ఆసుపత్రిలోనూ మందుల షాపులోనూ నడిచేది కూడా అదే. నేను ఉద్యోగానికి తిరిగి వెళ్లాక రోజంతా పాపతో తెలుగులో మాట్లాడే మనిషి కావాలి. ఇది మొదటి పని. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, బిడ్డ ముఖంలోకి చూస్తూ విసుగు లేకుండా కబుర్లు చెప్పే గుణం ఉండాలి. డైపర్ మారుస్తూ, నీళ్లు పోస్తూ, బిడ్డ "ఉంగా" అంటే తిరిగి ఊకొడుతూ మాట్లాడాలి. మాటలు రాని బిడ్డతో ఏం మాట్లాడతాం అనుకునేవాళ్లు ఉంటారు. పుట్టిన నాలుగు రోజులకే పిల్లలు తాము వింటూ వచ్చిన భాషనీ పరాయి భాషనీ వేరుగా గుర్తుపడతారని 1988లో ఫ్రాన్స్‌లో జాక్ మెలేర్ బృందం చూపించింది. గర్భంలో ఉన్నప్పుడు తల్లి రెండు భాషలు మాట్లాడితే, పుట్టిన బిడ్డ రెండిటి మీదా ఆసక్తి చూపిస్తుందని 2010లో ఇంగ్లిష్, ఫిలిప్పీన్స్ భాష టగాలోగ్ మాట్లాడే తల్లుల పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. అంటే మా పాప చెవులు మా ఇంట్లోకి రాకముందే రెండు భాషలకీ తెరుచుకున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకి మాండరిన్ చైనీస్ వినిపించింది. కొంతమందికి మనిషే ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఆడించింది. మరి కొంతమందికి అదే మనిషిని వీడియోలో చూపించారు. 12 సార్లు, సారికి 25 నిమిషాలు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ భాష ధ్వనుల్లో తేడా పట్టుకోగలిగారు. వీడియో చూసినవాళ్లకి ఏమీ అబ్బలేదు. అందుకే మేం ఫోనుకీ టీవీకీ బదులు మనిషి కోసం వెతికాం. ఆ మనిషి ఏ భాషలో మనసు విప్పి మాట్లాడగలదో మీరు కనుక్కుని చెప్పాలి. ప్రొఫైల్లో మొదట రాసిన భాషలో తడుముకుంటూ, రెండో భాషలో గలగలా మాట్లాడేవాళ్లు కూడా మాకు కనిపించారు. అలాంటి మనిషి చేత మొదటి భాషే మాట్లాడించాలని పట్టుబడితే చివరికి బిడ్డకి మాటలే తక్కువ వినిపిస్తాయి.

రెండు భాషలు వింటే పిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయని ఒక ఏజెన్సీ మేనేజరు ఫోన్లో నన్ను భయపెట్టారు. ఒక భాష ఆయా చాలు, చవకగా దొరుకుతుంది అన్నారు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. ఒక్కో భాషలో విడిగా లెక్కిస్తే పదాలు కొన్ని తక్కువ కనిపించొచ్చు, రెండూ కలిపి చూస్తే సరిపోతాయి. దయచేసి తల్లులకి ఆ మాట చెప్పకండి. కొత్తగా కన్న తల్లి ఏ మాటకైనా బెదిరిపోతుంది, నేను బెదిరిపోయాను.

ఇక రెండో పని. ఇది భద్రతకి సంబంధించింది. బయట నడిచే భాషలో డబ్బా మీద అక్షరాలు చదవాలి. మందు సీసా మీద మోతాదు, గడువు తేదీ చదవాలి. అర్ధరాత్రి అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతలివాళ్లు అడిగేదానికి జవాబు చెప్పాలి. బిడ్డకి ఎన్ని రోజులు, ఒళ్లు ఎంత వేడిగా ఉంది, పాలు చివరగా ఎప్పుడు తాగింది, ఎన్ని గంటలుగా డైపర్ తడవలేదు, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేస్తోందా. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే డాక్టరుకి చూపించాలి. థర్మామీటరు మీద 38.2 చూసి, మేం పక్కన లేకపోయినా, దాన్ని ఫోన్లో స్పష్టంగా చెప్పగలగాలి. దుకాణంలో బేరమాడేంత భాష ఇక్కడ సరిపోదు.

ఈ రెండు పనులకీ ఒకే పరీక్ష పెడితే కుదరదు. మొదటిదానికి ఆమెని ఒక బిడ్డ దగ్గర పావుగంట కూర్చోబెట్టి చూడండి, నోరు తెరిచి మాట్లాడుతుందా లేదా తెలిసిపోతుంది. రెండోదానికి ఒక పాలడబ్బా చేతికివ్వండి, చదివి కలపమనండి. తర్వాత పక్కగదిలోంచి ఫోన్ చేసి, అంబులెన్సు వాళ్లలా ప్రశ్నలడగండి. మొత్తం అరగంట పని. చదవడం రాకపోతే రాదనే రాయండి. మేం మనిషిని వద్దనుకోం, డబ్బా మీద ఆమె చదవగలిగే భాషలో చీటీ అతికిస్తాం. మాకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి అలా జరిగేది కాదు.

క్వాలిఫైడ్ అనే మాట గురించి. మాకు పంపిన సర్టిఫికెట్‌లో "నవజాత శిశు సంరక్షణ శిక్షణ పూర్తి" అని ఒక ముద్ర ఉంది. ఎవరు నేర్పారు, ఎన్ని గంటలు నేర్పారు, చేతులతో చేయించారా, వీడియో చూపించి వదిలేశారా, ఏదీ లేదు. అక్కని అడిగితే, ఫోన్లో ఒక మధ్యాహ్నం వీడియోలు చూశానని చెప్పింది. సీపీఆర్, అంటే గుండె, ఊపిరి ఆగినప్పుడు ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం, చూసి నేర్చుకునేది కాదు, బొమ్మ మీద చేతులు పెట్టి నేర్చుకునేది. పసిబిడ్డకి 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఇవ్వాలి, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో. గొంతులో ఏదైనా అడ్డుపడితే తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 సార్లు తట్టాలి, తర్వాత ఛాతీ మీద 5 సార్లు నొక్కాలి. పెద్దవాళ్లకి చేసినట్టు పొట్ట నొక్కకూడదు. వేలు లోపలికి పెట్టి గుడ్డిగా వెతకకూడదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సీపీఆర్ కార్డుకి 2 ఏళ్లే గడువు పెడుతుంది, ఎందుకంటే చెయ్యకపోతే చేతులు మరిచిపోతాయి. మీ ఫైళ్లలో ఉన్న సర్టిఫికెట్ల మీద తేదీలు ఒకసారి చూడండి.

అనుభవం కూడా అంతే. "పదేళ్ల అనుభవం" అని రాస్తారు. ఆ పదేళ్లలో నెల లోపు బిడ్డని ఎంతమందిని చూసింది? అక్కకి మూడేళ్ల పిల్లలతో చాలా అనుభవం ఉంది. వాళ్లు ఆమె కొంగు వదిలేవారు కాదట. కానీ నడిచే బిడ్డ వేరు, పొత్తిళ్లలో బిడ్డ వేరు. మెడ నిలవని బిడ్డని ఎత్తుకోవడం, బొడ్డు ఊడేదాకా పొడిగా ఉంచడం, కళ్లు పచ్చబడుతున్నాయేమో వెలుతురులో చూడడం, రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పట్టి ప్రతిసారీ తేన్పు తెప్పించడం, మొదటివారం దాటాక రోజుకి కనీసం ఆరు డైపర్లు తడుస్తున్నాయా అని లెక్కపెట్టడం. పొడిపాలల్లో క్రిములు ఉండే అవకాశం ఉంది కాబట్టి 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గని నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. ఇవన్నీ నెల లోపు బిడ్డతో గడిపితే వచ్చే సంగతులు. నేర్పితే ఎవరైనా నేర్చుకోగలరు. నేర్పకుండానే వచ్చని రాయడం మాత్రం భరించలేం.

ఇంట్లోనే ఉంటుంది అనే మాట దగ్గరికి వస్తాను. ఎవరూ మాట్లాడనిది ఇదే, నాకు అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

ఆ రాత్రి పాల సీసా కింద పెట్టాక అక్కని కూర్చోమన్నాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో వరసగా రెండు గంటలు కూడా పడుకోలేదని అప్పుడు చెప్పింది. పగలు మేం పిలిస్తే పగలు, రాత్రి పాప ఏడిస్తే రాత్రి. "ఇంట్లో ఉండే పని అంటే ఇరవైనాలుగ్గంటలూ అని ఏజెన్సీలో చెప్పారమ్మా. పడుకుంటే మీరు పంపించేస్తారేమోనని." మాకేమో అదే ఏజెన్సీ, పగలు ఆమె విశ్రాంతి తీసుకుంటుంది, రాత్రి డ్యూటీ అలవాటే అని చెప్పింది. మేం నమ్మాం. పగలు ఆమె పడుకుందా అని మేం అడగలేదు. అందులో మా తప్పూ ఉంది, ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాను.

పసిబిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ అంతా ముక్కలు ముక్కలుగా. ఆ నిద్రతో పాటు నడిస్తే పెద్దవాళ్లు ఎవరైనా పది రోజుల్లో కూలిపోతారు. పసిబిడ్డని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే పిల్లల సంఖ్య తర్వాతి పదేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. ఈ నియమం తెలిసిన ఆయా కూడా, నాలుగు రోజులు నిద్ర లేకపోతే, బిడ్డని ఎత్తుకుని సోఫాలో కూర్చుని కునుకు తీస్తుంది. పెద్దవాళ్లు బిడ్డతో సోఫాలో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదమైన వాటిలో ఒకటి. ఇంకో సంగతి: పిల్లల ఏడుపు ఆరు వారాల వయసులో బాగా పెరుగుతుంది. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోరు. అలాంటప్పుడు బిడ్డని ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికి వచ్చి, ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకోవాలి. నిద్ర లేక తల తిరుగుతున్న మనిషికి ఆ ఐదు నిమిషాలు గుర్తురావు. ఒక్కసారి బిడ్డని గట్టిగా కుదిపితే మెదడుకి జీవితాంతం మానని దెబ్బ తగలొచ్చు. ఆయా నిద్ర నా బిడ్డ భద్రత. మీరు ఆమె నిద్రని అమ్మేస్తే, మా బిడ్డ భద్రతని కూడా అమ్మినట్టే.

2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 189వ ఒప్పందం ఆమోదించింది, 2013లో అమల్లోకి వచ్చింది. అన్ని దేశాలూ దాన్ని ఒప్పుకోలేదు. అయినా అందులో రాసినవి ఏ ఏజెన్సీ అయినా రేపు పొద్దున్నుంచే పాటించగలిగినవే. వారానికి వరసగా కనీసం 24 గంటల సెలవు. పని షరతులు అర్థమయ్యేలా, వీలైతే కాగితం మీద. ఇంట్లో ఉండేవాళ్లకి మంచి వసతి, వాళ్ల ఏకాంతానికి గౌరవం. పాస్‌పోర్టు, గుర్తింపు కార్డులు ఆమె దగ్గరే ఉండాలి. ఏజెన్సీ ఫీజు ఆమె జీతంలోంచి కోయకూడదు. అక్క మొదటి నెల జీతంలో మీలాంటివాళ్ల కమీషన్ పోయిందని మాకు తర్వాత తెలిసింది. మేం మా వాటా ఫీజు అప్పటికే కట్టేశాం. ఒక మనిషి పేరు మీద రెండు వైపులా తీసుకున్నారు.

ఆ కాగితం ఆమె చదవగలిగే భాషలో ఉండాలి. మా ఒప్పందం ఎనిమిది పేజీలు, ఆమె చదవలేని భాషలో ఉంది. చివరి పేజీలో వేలిముద్ర. ఆ రాత్రి తర్వాత ఒక ఆదివారం నేను ఆమెకి తెలుగులో మొత్తం చదివి వినిపించాను. మూడో పేజీలో "పని వేళలు అవసరాన్ని బట్టి" అని ఉన్న చోట ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఇది కూడా నేనే ఒప్పుకున్నానా అమ్మా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ వాక్యం కొట్టేసి, రాత్రి వంతులు, పగలు పడుకునే గంటలు, సెలవు రోజు రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం. ఆమె తన పేరు తెలుగులో రాసింది. రాయగలదు. వేలిముద్ర ఎందుకు వేయించారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పాలడబ్బా సంగతి మర్నాడు ఫోన్ చేసి చెబితే, ఏజెన్సీ నుంచి వచ్చిన జవాబు: "మేడమ్, టెన్షన్ పడకండి, రీప్లేస్‌మెంట్ పంపిస్తాం." నాలుగు రోజుల్లో పాప ఆమె గొంతుకి తల తిప్పడం మొదలుపెట్టింది. మిక్సీ పాడైతే మార్చినట్టు మనిషిని మారుస్తామన్నారు. వచ్చే మనిషికి చదవడం వచ్చా అని అడిగితే, కనుక్కుని చెప్తామన్నారు. కనుక్కోవడం మనిషిని పంపే ముందు చేయాల్సిన పని కదండీ.

మేం అక్కని ఉంచుకున్నాం. డబ్బా మీద తెలుగులో చీటీ అతికించాను: ఎన్ని నీళ్లు, ఎన్ని స్కూపులు, కలిపిన రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి. మావారు రోజూ పదిహేను నిమిషాలు తన భాష అక్షరాలు నేర్పారు. రెండు నెలలకి మందు సీసా మీద గడువు తేదీ తనే చదివి, "ఇది అయిపోయిందమ్మా" అని నా చేతికిచ్చింది. చిన్నపిల్లల సీపీఆర్ క్లాసుకి ఇద్దరం కలిసి వెళ్లాం, ఆమె చేతులు నా చేతులకంటే కుదురుగా ఉన్నాయి. రాత్రి వంతులు వేసుకున్నాక ఆమె ముఖం తేటపడింది. పాపతో మాట్లాడే మాటలూ పెరిగాయి. స్నానం చేయిస్తూ చెప్పే కబుర్లు పక్కగదిలో మీటింగులో ఉన్న నాకు వినిపించేవి.

ఇది మా అదృష్టం. పక్కన నిలబడి నేర్పే తీరిక, ఇంకో రాత్రి మేల్కొనే ఓపిక మాకు ఉన్నాయి. కవలలు పుట్టి, ఆపరేషన్ కుట్లు మానక, చూసే దిక్కులేక మీకు ఫోన్ చేసే తల్లికి అవేవీ ఉండవు. మీ కాగితం మీద ఉన్న మాట ఒక్కటే ఆమెకి ఆధారం.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇదీ. ప్రొఫైల్లో ప్రతి మాట పక్కనా, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అనే రెండు వివరాలు రాయండి. భాష దగ్గర మాట్లాడడం, చదవడం, ఫోన్లో చెప్పగలగడం వేరువేరుగా రాయండి. నెల లోపు బిడ్డల్ని ఎంతమందిని చూసిందో రాయండి, పాత ఇళ్లవాళ్లతో మేం మాట్లాడే వీలు కల్పించండి. ఆయాకి కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు వేయించారా, క్షయ పరీక్ష జరిగిందా చెప్పండి. కానీ ఆమె ఆరోగ్యం కాగితాలు ఆమె అనుమతి లేకుండా మాకు పంపకండి. రాసిన ప్రొఫైల్ని మాకు పంపే ముందు ఆమెకి, ఆమె భాషలో చదివి వినిపించండి. తన గురించి ఏం రాశారో ఆమెకి తెలియాలి, తప్పుంటే తనే దిద్దాలి. దీనికి అదనంగా ఫీజు అడిగితే ఇస్తాం. మాలాంటివాళ్లు చాలామంది ఇస్తారు.

అక్క మా ఇంట్లో పని చివరికొచ్చింది, వచ్చే నెల ఇంకో ఇంటికి వెళ్తుంది. అక్కడ కూడా చూసుకోవాల్సింది అప్పుడే పుట్టిన బిడ్డనే. నిన్న ఆ ఇంటివాళ్లు నాకు ఫోన్ చేసి, ఏజెన్సీ పంపిన ప్రొఫైల్ చదివి వినిపించారు. మొదట మాకు పంపిందే, అక్షరం మారలేదు. ఆమె ఇప్పుడు డబ్బా మీద పట్టిక చదవగలదని అందులో లేదు, సీపీఆర్ నేర్చుకుందని లేదు, రాత్రి పనిచేస్తే పగలు ఆరు గంటలు పడుకోవాలని లేదు. ఆమె నంబరు మీ దగ్గరే ఉంది. పిలిచి కూర్చోబెట్టి అడగండి, ఆ ప్రొఫైల్ మళ్లీ రాయండి.

ఇట్లు,
ఒక పాప తల్లి